కార్డు మోసములు - అంకెల కాపలా

చేతికి వచ్చిన అయిదువందల నోటును వెలుతురునకెత్తి నీటిగుర్తు చూచుట, కాగితమును వ్రేళ్ళతో తడిమి పరీక్షించుట వర్తకులకు చిరకాలపు అలవాటు. నకిలీ నోటును ఆ క్షణముననే పట్టుకొనవలెను. లేనిచో నష్టము తనదే. క్రెడిట్ కార్డు సంగతి వేరు. దొంగ కార్డుపై సరుకు అమ్మిన వర్తకునకు ఆ దినమున ఏ లోపమును కనబడదు. సొమ్ము ఖాతాలో జమపడును. కొన్ని వారములు గడచిన పిదప కార్డు అసలు యజమాని తన లెక్క చూచుకొని, ఈ కొనుగోలు తాను చేయలేదని బ్యాంకునకు తెలుపును. అప్పుడు, పలు సందర్భములలో, జమపడిన సొమ్ము వర్తకుని ఖాతానుండి వెనుకకు పోవును. దీనిని ఛార్జ్‌బ్యాక్ అందురు. సరుకు అదివరకే చేయిదాటి యుండును.

మరి కార్డులో వెలుతురునకెత్తి చూడదగినది ఏది? నిజమునకు ప్లాస్టిక్ ముక్కకు విలువ లేదు; విలువ అంతయు దానిపైనున్న అంకెలదే. కాబట్టి కార్డు మోసమనగా అంకెల దొంగతనము. దానిని అరికట్టు ఉపాయములును అంకెలలోనే ఉన్నవి.

1958 సెప్టెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఫ్రెస్నో పట్టణమందు, బ్యాంక్ ఆఫ్ అమెరికా వారు సుమారు 60 వేల మందికి అడుగకుండగనే క్రెడిట్ కార్డులు తపాలాలో పంపిరి. బాకీలలో నూటికి నాలుగు వంతులు నిలిచిపోవచ్చునని వారి అంచనా. నిలిచినవి నూటికి 22. మోసములును తోడై బ్యాంకు లెక్కకు వచ్చిన నష్టము 88 లక్షల డాలర్లు దాటెను. ఆ కాలమున కార్డుపై ఉబ్బెత్తుగా నున్న అంకెలను కార్బన్ కాగితముపై అద్ది రసీదు తీసెడివారు. పెద్ద మొత్తమైనచో వర్తకుడు బ్యాంకునకు టెలిఫోను చేసి అనుమతి పొందవలెను. చిన్న మొత్తమైనచో చెడు కార్డుల సంఖ్యలు అచ్చువేసిన పుస్తకము తిరుగవేయవలెను. మన దేశమున ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టిన నాటికిని అద్దకపు రసీదులే వాడుక. దొంగలు చెత్తబుట్టలో పడవేసిన కార్బన్ కాగితములను ఏరుకొని, వాటిపై మిగిలిన అంకెలను చదువుకొనుట అమెరికాలో మామూలు విద్య అయినది.

కార్డు సంఖ్యలోని చివరి అంకె ఒక కాపలాదారు. ఐ.బి.యం. సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో దరఖాస్తు చేసి 1960లో పేటెంటు పొందిన పద్ధతి యిది. ఉదాహరణకు ఖాతా సంఖ్య 5274186 అనుకొందము. కుడివైపు చివరి అంకెతో మొదలిడి ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయవలెను. రెట్టింపు రెండంకెలైనచో వానిని కూడవలెను. 6 రెట్టింపు 12, అనగా 3, 8 అట్లే యుండును, 1 రెట్టింపు 2, 4 అట్లే, 7 రెట్టింపు 14, అనగా 5, 2 అట్లే, 5 రెట్టింపు 10, అనగా 1. మొత్తము 25. దీనిని పదిచే నిశ్శేషముగా భాగింపబడు సంఖ్యగా చేయుటకు 5 కలుపవలెను. ఆ 5 చివర చేరి సంఖ్య 52741865 అగును. గుమాస్తా 7కు బదులు 1 వ్రాసినచో మొత్తము 27 వచ్చును. 4, 1లను తారుమారు చేసినచో 33 వచ్చును. రెండును పదిచే భాగింపబడవు. పొరపాటు వెంటనే బయటపడును.

ఇట్లేల జరుగును? 0 నుండి 9 వరకు గల అంకెలు ఈ రెట్టింపు క్రియచే వరుసగా 0, 2, 4, 6, 8, 1, 3, 5, 7, 9గా మారును. ఏ రెండును ఒకటి కావు గనుక ఒక అంకె మారినచో మొత్తమును మారి తీరును. పక్కపక్కనున్న రెండంకెలు తారుమారైనప్పుడు మాత్రము ఒక లొసుగు కలదు. 09ని 90గా వ్రాసినచో ఈ కాపలాదారు గుర్తింపలేడు. కారణమేమో తరగతిలో విద్యార్థులచే కనిపెట్టింపవచ్చును.

అయితే లూన్ పద్ధతి కాపాడునది పొరపాటునుండియే గాని మోసమునుండి కాదు. ఇష్టము వచ్చినట్లు వ్రాసిన ప్రతి పది సంఖ్యలలో సగటున ఒకటి ఈ పరీక్షలో నెగ్గును. లెక్క తెలిసిన దొంగకు అంతపాటి శ్రమయు అక్కరలేదు. 1960 తరువాత వచ్చిన అయస్కాంత పట్టీకిని ఈ లోపమే కలదు. ఐ.బి.యం. ఇంజనీరు ఫారెస్ట్ పారీ ఈ పట్టీని కార్డునకు అంటించలేక తికమకపడుచుండగా, భార్య ఇస్త్రీ పెట్టెతో అదిమి చూడుమన్నదని చెప్పుదురు. పట్టీపై వ్రాసినది ఎన్నడును మారదు. యంత్రములో కార్డు గీకినప్పుడెల్ల అది అదే పాఠమును అప్పగించును. ఒకసారి రహస్యముగా ఆ పాఠమును విన్నవాడు మరొక పట్టీపై దానిని వ్రాసికొనగలడు. అసలుకును నకలుకును భేదముండదు.

ఫ్రాన్సులో రోలాన్ మొరెనో 1974లో పేటెంటు తీసికొన్న చిప్ కార్డు నుండి వచ్చిన మార్గము దీనికి విరుగుడు. నేటి చిప్‌లో ఒక రహస్య సంఖ్య దాగియుండును. అది ఎన్నడును బయటకు రాదు. కొనుగోలు జరిగినప్పుడెల్ల యంత్రము చిప్‌కు క్రొత్త ప్రశ్న వేయును. మొత్తమెంత, తేది యేది అను వివరములతోపాటు ముందుగా ఊహింపరాని ఒక సంఖ్యను ఇచ్చును. చిప్ ఆ ప్రశ్నను తన రహస్యముతో కలిపి లెక్కించి జవాబు చెప్పును. అదే రహస్యము బ్యాంకు వద్దను గలదు గనుక బ్యాంకు తానును లెక్కించి సరిపోల్చుకొనును.

చిన్న ఉదాహరణము చూడవచ్చును. రహస్యము 37; ప్రశ్నను దానితో గుణించి చివరి రెండంకెలు చెప్పుట నియమము. నేటి ప్రశ్న 58, లబ్ధము 2146, జవాబు 46. రేపటి ప్రశ్న 91, లబ్ధము 3367, జవాబు 67. నేడు చాటున విన్న 46 రేపు దొంగకు పనికిరాదు. చురుకైన విద్యార్థి మాత్రము ఈ ఆటలో రహస్యమును పట్టివేయగలడు. మొదటి జవాబును బట్టి రహస్యము 37 గాని 87 గాని కావలెను; రెండవ జవాబుతో 87 తొలగిపోవును. నిజమైన చిప్ చేయు లెక్క ఇంత తేలిక కాదు. ఎన్ని జవాబులు విన్నను వెనుకకు నడచి రహస్యమును చేరుట అసాధ్యమగునంత చిక్కుగా దానిని కల్పించిరి.

భారతీయ రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ననుసరించి మన బ్యాంకులు 2018 డిసెంబరు 31లోపల పట్టీ కార్డులకు బదులు చిప్ కార్డులు ఇవ్వవలసి వచ్చెను. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుండి మరొక నియమము వచ్చినది: చిప్ చదువగల యంత్రమును పెట్టుకొనక, చిప్ కార్డునకు నకలుగా చేసిన పట్టీని అంగీకరించిన వర్తకుడే ఆ నష్టము భరింపవలెను. చిప్ పాడైనదనియు, పట్టీనే గీకుమనియు కొనుగోలుదారు తొందరపెట్టినప్పుడు వర్తకుడు ఎందుకు ఆగి ఆలోచింపవలెనో దీనినిబట్టి తెలియును. క్రొత్త కాపలాను దాటి పాత దొడ్డిదారిన పోనిమ్మని అడుగుటయే అది. రసీదుపై వచ్చిన చివరి నాలుగంకెలు కార్డుపై అంకెలతో సరిపోలకున్నచో, పట్టీపై వేరొకరి సంఖ్య యున్నదని అర్థము.

యంత్రమునకు కార్డును తాకించి చెల్లించు పద్ధతిలో 2021 జనవరి 1 నుండి 5,000 రూపాయల వరకు పిన్ అక్కరలేకుండ చెల్లింపవచ్చును. ఇందును చిప్ లెక్క నడచుచునే యుండును గనుక నకలు కార్డు సాగదు. కాని పోగొట్టుకొన్న అసలు కార్డు సాగును. 14,000 రూపాయల సరుకునకు మూడు బిల్లులు వ్రాసి మూడుసార్లు తాకింపుమని కోరువానిని పిన్ కొట్టుమని మర్యాదగా అడుగవచ్చును.

చిప్ వచ్చిన దేశములన్నిట దొంగలు కార్డు కంటికి కనబడని అమ్మకములవైపు మరలిరి. దూరమునుండి చెల్లించునప్పుడు చిప్ లేదు. మరల అంకెలే మిగులును. అందుచేతనే మన దేశములో 2009 ఆగస్టు 1 నుండి ఇట్టి చెల్లింపులకు అంకెలతోపాటు రెండవ పరీక్ష తప్పనిసరి చేసిరి. నేడు ఎక్కువగా వాడుకలోనున్నది ఒక్కసారికే చెల్లు ఓటీపీ. చిప్ చెప్పు జవాబువలెనే ఇదియు మరునాటికి పనికిరాదు. అయితే ఈ నియమము మన దేశమున జారీయైన కార్డులకే. పరదేశపు కార్డుతో మన వర్తకునకు చెల్లించువానిని ఓటీపీ అడుగకపోవచ్చును.

పోచంపల్లిలో ఒక చేనేత చీరల వర్తకుడు కలడనుకొందము. విదేశమునుండి సందేశము వచ్చును: పెండ్లికి 24 చీరలు కావలెను, వెల 1,80,000 రూపాయలు. బేరము లేదు, రంగుల గూర్చి ప్రశ్న లేదు, వెంటనే పంపవలెను. కార్డుపై 2,20,000 తీసికొని, అందులో 40,000 తమ రవాణాదారు ఖాతాకు పంపుమని కోరుదురు. మొదటి కార్డు చెల్లకపోయినచో రెండవది, అదియు కానిచో మూడవది ఇత్తురు. ఈ కథలో ప్రతి అడుగును అనుమానాస్పదమే. ఆ నలుబది వేల కోరిక మాత్రము అనుమానమునకును మించినది. కార్డు సొమ్ము తరువాత వెనుకకు పోగలదు, రవాణాదారునకు పంపిన సొమ్ము మాత్రము తిరిగిరాదు. వాపసు ఇయ్యవలసినచో ఏ కార్డునుండి సొమ్ము వచ్చినదో ఆ కార్డునకే ఇయ్యవలెను. పరదేశపు కార్డులకును త్రీడీ సెక్యూర్ అను రెండవ పరీక్షను జరుపుమని చెల్లింపు సంస్థను అడుగవచ్చును. ఆ పరీక్షలో నెగ్గిన కొనుగోలు మోసమని తేలినచో నష్టము సాధారణముగా కార్డు ఇచ్చిన బ్యాంకుదగును.

ఇంటర్నెట్ దుకాణములకు మరొక బెడద కలదు. అర్ధరాత్రివేళ కొద్ది నిమిషములలో ఒకటి రెండు రూపాయల చెల్లింపులు పదులకొలది వచ్చును, వానిలో ఎక్కువ భాగము తిరస్కరింపబడును. ఇది కొనుగోలు కాదు. దొంగిలించిన సంఖ్యలలో ఇంకను బ్రతికియున్నవి ఏవో పరీక్షించుటకు ఆ దుకాణమును వాడుకొనుచున్నారన్నమాట. ఒకేచోటినుండి వచ్చు ప్రయత్నములకు గంటకిన్ని యని హద్దు పెట్టినచో ఈ పరీక్ష సాగదు.

కొందరు దుకాణదారులు పాత ఖాతాదారుల కార్డు సంఖ్యలను సౌకర్యము కొరకు పుస్తకములో వ్రాసి యుంచుకొనెడివారు. వెబ్‌సైట్లు కంప్యూటరులో దాచుకొనెడివి. 2022 అక్టోబరు 1 నుండి మన దేశములో వర్తకులు కార్డు సంఖ్యను దాచరాదు. దానికి బదులు టోకెన్ అను మారుసంఖ్యను ఇత్తురు. అది ఆ కార్డునకు, ఆ వర్తకునకు మాత్రమే ముడిపడినది. దొంగ దానిని ఎత్తుకొనిపోయి వేరొక దుకాణమున చూపినచో చెల్లదు. లెక్కలు సరిచూచుకొనుటకు వర్తకుని వద్ద మిగులునవి అసలు సంఖ్యలోని చివరి నాలుగంకెలు మాత్రమే.