కప్పం కట్టని కోయదొర

క్రీస్తుకు పూర్వం 52లో గాల్ దేశపు రాజు వెర్సింజెటోరిక్సు రోము సేనల నెదిరించి, చివరకు అలీసియాలో లొంగిపోయాడు. ఆయన కథను మనకు చెప్పినవాడు ఆయనను గెలిచిన సీజరే! మన పగిడిద్దరాజు కథ మాత్రం ఓడినవారి నోటనే నిలిచింది.

మేడారాన్ని ఏలిన ఈ కోయదొర కాకతీయుల సామంతుడని చెబుతారు. వరుసగా కరువులు. పంటే లేనప్పుడు కప్పమెక్కడిదన్నాడట. ప్రతాపరుద్రుని సేన సంపెంగవాగు దాకా వచ్చింది. రాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు నేలకొరిగారు. కొడుకు జంపన్న ఓటమి భరించలేక వాగులో దూకాడు. నాటినుంచి అది జంపన్నవాగు. రాణి సమ్మక్క ఒంటరిగా పోరాడింది. వెనుకనుంచి ఎవడో బల్లెంతో పొడిచాడు. నెత్తురోడుతూ చిలకలగుట్టవైపు సాగి మాయమైంది. వెదికినవారికి దొరికింది కుంకుమభరిణె ఒక్కటే.

శాసనమేదీ అని చరిత్ర పంతుళ్ళు అడుగుతారు. న్యాయమే. అయినా రెండేళ్ళకొకసారి మాఘపున్నమి వేళకు కోయ పూజారులు పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును అడవిదారిన కాలినడకన మేడారానికి తెస్తూనే ఉన్నారు. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. బోనకల్లు మొదలు బస్తరు దాకా జనం కదులుతారు. కప్పానికి గింజలేని ఆ ఇంటికి నేడు భక్తులు తమ ఎత్తు బెల్లం తూచి, బంగారమని పేరుపెట్టి సమర్పిస్తున్నారు.