గుడిసె కింది నేల ఎవరిది?

పేదల ఇళ్ల గురించిన కాల్పనికేతర రచనను, అంటే కల్పనకు తావివ్వక విచారించిన వాస్తవాలతో నడిచే రచనను, చదివేవారు అందులోని దుఃఖంతో పాటు దాని వెనకనున్న హక్కుపత్రాన్నీ వెతకవలసి ఉంటుంది. మాథ్యూ డెస్మండ్ 2016లో వెలువరించిన ‘ఎవిక్టెడ్’ అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఎనిమిది కుటుంబాల బతుకును చూపుతూ, ఇల్లు ఖాళీ చేయించడం పేదరికానికి ఫలితమే కాక కారణం కూడా అవుతుందని వాదించింది.

కర్ణాటకలో తెలుగు విరివిగా వినిపించే చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఇల్లు నిలుపుకోవడమనే ప్రశ్న మిల్వాకీలోలా అద్దె బాకీ చుట్టూ కాక, గుడిసె నిలిచిన నేల ఎవరి పేరిట ఉన్నదన్న దాని చుట్టూ తిరుగుతుంది. కర్ణాటక భూసంస్కరణల చట్టానికి 2017లో వచ్చిన సవరణ, రెవెన్యూ గ్రామాలుగా నమోదు కాని తండాలు, గొల్లరహట్టుల (గొల్లల పల్లెల) వంటి ఆవాసాల్లో ఉంటున్నవారికి ఇంటిస్థలంపై యాజమాన్యం కల్పించేందుకు ఉద్దేశించినది.

అయితే కాగితం ఒక్కటే ఇంటిని కాపాడదు. చింతామణి తాలూకా కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితులు సజీవదహనమయ్యారు. నాడు కోలారు జిల్లాలో ఉన్న ఆ ఊరు 2007లో ఏర్పడిన చిక్కబళ్లాపురం జిల్లాలోకి వచ్చింది. 2006లో విచారణ కోర్టు ఆ కేసు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టగా, 2014లో హైకోర్టు ఆ తీర్పును సమర్థించింది. సాక్షులు ‘ఎదురు తిరిగారు’, అంటే పోలీసులకు చెప్పినదానిని కోర్టులో కాదన్నారు. ఈ చిన్న మాట దగ్గరే పాఠకుడు ఎక్కువసేపు ఆగి, ఆ సాక్షి ఎవరి ఇంటి పక్కన ఉంటాడో, ఎవరి పొలంలో కూలికి వెళ్తాడో అడగాలి.