రాజమహేంద్రవరపు నల్లరాతి పొరలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల బాలబాలికలకు రాతితో పరిచయము తక్కువ. నూయి త్రవ్వినచో మనకు ఒండ్రుమన్నును, ఇసుకయు దొరకునుగాని రాయి తగులదు. మన నేల కృష్ణానది తెచ్చి పఱచినది. రాయి పొరపై పొరగా నెట్లు పేరునో కన్నులార చూడగోరువారు గోదావరీతీరమునకు పోవలెను.

అచ్చట నదికి తూర్పున కాతేరునందును, పడమట పంగిడి, దుద్దుకూరులయందును రాతిగనులు కలవు. అడుగున సముద్రపు గుల్లలుగల సున్నపురాయి, ఇసుకరాయి, దానిపై నల్లరాయి, దానిపై మరల గుల్లలుగల సున్నపురాతి పొర, ఆపైని వేఱొక నల్లరాయి, అన్నిటిమీదను రాజమహేంద్రవరపు ఇసుకరాయి. క్రిందిది ముందు పుట్టినది, పైది తరువాత పుట్టినది. ఇదియే ఈ గ్రంథమును చదువు క్రమము.

నల్లరాయి యనగా కరగిన శిల చల్లారి గట్టిపడినదే. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము పశ్చిమకనుమల వైపున నేల బీటలువారి శిలాద్రవము వెల్లువలై పొరలెను. రాజమహేంద్రవరపు రాయి మహాబలేశ్వరపు రాతిని పోలియుండుటచే, ఆ ద్రవము పూర్వపు నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు ప్రవహించివచ్చెనని పలువురు శాస్త్రజ్ఞుల మతము. ఒక వెల్లువకును మఱియొక వెల్లువకును నడుమ చిరకాలము గడచెను. అపుడచ్చట సముద్రపు కయ్యలు నిలువగా, ఆల్చిప్పలు, నత్తలు బ్రదికి చచ్చి బురదలో కూరుకొని సున్నపురాయిగా మాఱెను. నాగపురమున మిషనరీగానుండిన స్టీఫెన్ హిస్లాప్ దొర 1860లోనే ఈ గుల్లలను వర్ణించి ప్రకటించిరి.

రాక్షసిబల్లులు నశించినదియు ఆ కాలముననే. నడిమి పొరలోని సూక్ష్మజీవుల గుల్లలు ఆ ప్రళయము ముగిసిన వెంటనే జీవించినవని 2008లో గెర్టా కెల్లర్ మొదలగువారు తెలిపిరి. ప్రళయమునకు కారణము ఈ వెల్లువలా, ఆకాశమునుండి పడిన గ్రహశకలమా యను వాదమున మన గోదావరి గుల్లలును సాక్షులే.

చమురుకొఱకు లోతుగా త్రవ్వినపుడు గోదావరి డెల్టా క్రిందను ఈ నల్లరాయి బయల్పడెను. దానికి రాజోలు పేరు పెట్టిరి. మన నేల క్రిందను అంతకంటె ప్రాచీనమగు శిలల గట్టులు దాగియున్నవి. వానిని భూగర్భశాస్త్రజ్ఞులు బాపట్ల గట్టు, తెనాలి గట్టు అనియే పిలుచుచున్నారు. కావున రాయిలేని ఊరివారమని మనము చిన్నవోనక్కఱలేదు.

ఒక్క విచారము మాత్రము కలదు. గనులవలననే ఆ పొరలు మనకు గోచరించినవి. గనులవలననే కంకరయై తరలిపోవుచున్నవి. గుల్లల పొర యొకసారి పగిలిన మరల అతుకదు. అచ్చట కొంతభాగమైనను త్రవ్వక నిలుపుట మేలు. మన విద్యార్థులు రాజమహేంద్రవరము పోయినపుడు గోదావరి వంతెనను మాత్రమే చూచి మరలక, పెద్దలతోగూడి ఈ పొరలను దర్శించి, గుల్లలను పెకలింపక, వాని పటము వ్రాసికొని రావలెనని మా కోరిక.