అన్యాయపు వ్యాఖ్యకు సమాధానం

ప్రభుత్వ కార్యాలయాలలో ప్రతి ఉద్యోగిని గురించి ఏడాదికొకసారి ఒక నివేదిక సిద్ధమవుతుంది. పై అధికారి అందులో ఆ ఉద్యోగి పనిని, ప్రవర్తనను, సామర్థ్యాన్ని అంచనా వేస్తాడు. ఆ అంచనాను మరొక ఉన్నతాధికారి సమీక్షిస్తాడు. పదోన్నతి కావలసినపుడు ముందుగా తెరచి చూచేది ఈ కాగితాలనే. చిరకాలం దీనికి రహస్య నివేదిక అని పేరు. ఆ పేరుకు తగినట్లే అందులో తీవ్రమైన ప్రతికూల వ్యాఖ్య ఉంటే తప్ప ఉద్యోగికి దానిని తెలియజేసేవారు కాదు. తక్కినదంతా బీరువాలోని దస్త్రంలోనే ఉండిపోయేది. తనపై ఏమి వ్రాశారో తెలియనివాడు ఏమని బదులు చెప్పగలడు?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. దేవ్ దత్ అనే ఆయన సరిహద్దు రహదారుల విభాగంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. సూపరింటెండింగ్ ఇంజనీరు పదవి లభించాలంటే అంతకు ముందు అయిదేండ్ల నివేదికలలోనూ 'చాలా మంచిది' అన్న స్థాయి ఉండి తీరాలి. 1993-94 సంవత్సరానికి మాత్రం ఆయన నివేదికలో 'మంచిది' అని ఉన్నది. వినడానికి అది మెప్పే. కాని ఆ మెప్పే ఆయనకు పదోన్నతిని దూరం చేసింది. అది నింద కాదు గనుక ఆయనకు తెలియజేయవలసిన పని లేదని ప్రభుత్వం వాదించింది. 2008 మే 12న న్యాయస్థానం ఈ వాదాన్ని త్రోసిపుచ్చింది. మాట మంచిదా చెడ్డదా అన్నది కాదు, దాని ఫలితమేమిటన్నదే చూడాలని, నివేదికలోని ప్రతి అంశాన్నీ ఉద్యోగికి తెలిపి, విన్నవించుకొనే అవకాశం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన పదవీ విరమణ చేసి ఉన్నారు. అందువల్ల విన్నపం ఫలించి పదోన్నతి లభిస్తే, పెరిగిన పింఛనును, బకాయిలను 8 శాతం వడ్డీతో చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సూత్రాన్నే స్థిరపరచింది.

తీర్పు వెలువడిన మరుసటి ఏడు, 2009లో, కేంద్ర ప్రభుత్వం పద్ధతిని మార్చింది. రహస్య నివేదిక 'వార్షిక పనితీరు మదింపు నివేదిక' అయింది. నివేదిక మొత్తాన్ని ఉద్యోగికి చూపాలి. అది అందిన 15 రోజులలోగా ఉద్యోగి తన విన్నపాన్ని సమర్పించుకోవచ్చు. గడువు దాటితే చెప్పుకొనేదేమీ లేదనే భావిస్తారు. ఇందులో ఒక నియమం గమనింపదగినది: విన్నపం నివేదికలోని నిర్దిష్టమైన వాస్తవాంశాలకే పరిమితం కావాలి. చూడడానికి ఇది ఉద్యోగి నోటికి వేసిన తాళంలాగా కనిపిస్తుంది. నిజానికి అన్యాయమైన వ్యాఖ్యను ఎదుర్కొనే మార్గం ఇందులోనే ఉన్నది.

ఒక కార్యాలయంలో దస్త్రాలు చూచే గుమాస్తాను గురించి, 'అప్పగించిన పనిని సకాలంలో పూర్తి చేయదు' అని అధికారి వ్రాశాడనుకొందాం. ఆమె మొదటి ఆవేశంలో వ్రాసే ఉత్తరం ఎలా ఉంటుందో ఊహించవచ్చు. అధికారికి తనపై ద్వేషమని, ఫలానావారిపై పక్షపాతమని అందులో ఉంటుంది. అది నిజమే కావచ్చును గాక, మనసులోని ద్వేషాన్ని ఏ కాగితంతో రుజువు చేయగలదు? తీర్పు చెప్పవలసిన అధికారికి ఈ ఇద్దరి కలహంతో సంబంధం లేదు. ఆయన ముందున్నవి రెండు కాగితాలే. కాబట్టి ఆమె ఆ ఏడాది తనకు వచ్చిన దస్త్రాలు 140 అని, గడువులోగా ముగించినవి 128 అని, ఆలస్యమైన 12లో 9 వేరే విభాగం నుండి సమాచారం రాక నిలిచినవని తేదీలతో చూపాలి. మిగిలిన మూడూ తన వల్లనే ఆలస్యమైతే ఆ మాటా ఒప్పుకోవాలి. ఈ ఒప్పుకోలు వల్ల మిగిలిన లెక్కకు నమ్మకం కలుగుతుంది. చివర ఆ వాక్యాన్ని తొలగించమనో సవరించమనో స్పష్టంగా కోరాలి. 'తగిన న్యాయం చేయ ప్రార్థన' అని వదిలివేస్తే ఏమి చేయాలో చదివేవారికి తెలియదు.

మన సాహిత్యంలో నిండుసభలో నిందకు గురియై బదులు పలికినవారిలో శకుంతల ప్రసిద్ధురాలు. నన్నయ ఆదిపర్వంలో దుష్యంతుడు ఆమెను ఎరుగనంటాడు. ఆమె మొదట దూషణకు దిగదు. కణ్వాశ్రమంలో ఏమి జరిగిందో, ఏ మాట ఇచ్చాడో గుర్తు చేస్తుంది. సత్యం మహిమను ఆ తరువాతనే చెబుతుంది. అయినా ఆమె పలుకు చెల్లడానికి అశరీరవాణి సాక్ష్యం కావలసివచ్చింది. కాళిదాసు నాటకంలోని శకుంతలకైతే ఆధారమంతా ఒక ఉంగరమే. అది జారిపోగానే మాటకు విలువ లేకపోయింది. కార్యాలయాలలో అశరీరవాణి వినిపించదు. జనవరిలో జరిగిన పనికి కాగితం జనవరిలోనే దాచుకోవాలి.

ప్రైవేటు సంస్థలలో ఇటువంటి విన్నపపు నియమాలు సాధారణంగా ఉండవు. ఒక్కొక్కచోట అన్యాయానికి మూలం అధికారి కాక పద్ధతే కావచ్చు. జట్టులో కొందరు పై మెట్టున, కొందరు అడుగున ఉండి తీరాలనే నియమం చాలా కంపెనీలలో సాగింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2013లో దానిని విడిచిపెట్టింది. అటువంటి చోట తన పనిలో లోపం ఎక్కడున్నదో ఉదాహరణతో చూపమని మర్యాదగా అడగడం మొదటి మెట్టు. ఉదాహరణ దొరకకపోతే వ్యాఖ్య తానే బలహీనపడుతుంది. మాటలు ముగిసిన నాడే, చర్చించిన అంశాలను నాలుగు వాక్యాలలో ఉత్తరంగా పంపాలి. మరుసటి ఏడు అధికారి మారినా ఆ ఉత్తరం దస్త్రంలో నిలిచి ఉంటుంది.