ధవళేశ్వరం రాయి, కడియం మొక్క

ఆగస్టు వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో ఏ అరుగు మీద విన్నా ఒకటే మాట: ‘ధవళేశ్వరం దగ్గర ఎంతుంది?’ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఈ అంకెలు చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చు. 1986 ఆగస్టులో ఇక్కడి నుంచి సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. ఆ రాత్రుల్ని తలుచుకుంటే పెద్దవాళ్ల గొంతు ఇప్పటికీ మారిపోతుంది.

కడియం పేరు వినబడే తీరు వేరు. కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు, తోట వేద్దామనుకునేవాళ్లు ‘ఓసారి కడియం వెళ్లొద్దాం’ అంటారు. ఒక ఊరిని గుండె చిక్కబట్టుకుని తలుచుకుంటే, ఇంకో ఊరిని మురిపెంగా తలుచుకుంటారు.

రెండూ రాజమహేంద్రవరాన్ని ఆనుకున్నవే. పైకి చూస్తే నగర శివార్లు. కానీ ఈ రెంటినీ కలిపింది నగరం కాదు, కాలువ.

1830లలో కరువులు, తుపాన్లు ఈ సీమను పీల్చి పిప్పి చేశాయి. గోదావరి ఉరికొస్తే ఊళ్లను ముంచేది, వరద తీసిందంటే చేలను ఎండబెట్టి సముద్రం దారి పట్టేది. కావేరి మీద చోళుల కాలపు కల్లణైని చూసి పాఠం నేర్చుకున్న ఇంజినీరు ఆర్థర్ కాటన్ ఆ పాఠాన్నే ఇక్కడికి తెచ్చాడు. 1847లో మొదలైన ఆనకట్ట 1852కు పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, నది మధ్యలోని లంకలను ఆసరా చేసుకుని, ఇసుక నేల మీదే దాన్ని నిలబెట్టారు.

ఆనకట్టకు వాడిన రాయి చాలావరకు ధవళేశ్వరం పక్కనున్న కొండదే. కొండ నుంచి ఏటి ఒడ్డుకు రాళ్లు మోయడానికి ఇనుప పట్టాలు వేశారు. బొంబాయి నుంచి ఠాణాకు 1853లో మొదటి ప్రయాణికుల రైలు నడవకముందే ధవళేశ్వరంలో పట్టాల మీద బళ్లు దొర్లాయి. కాటన్‌కు కుడిభుజంగా నిలిచి, వేలాది కూలీలను కూడగట్టి పని నడిపించినవాడు వీణెం వీరన్న. కాటన్ విగ్రహం గోదావరి జిల్లాల్లో ఊరూరా కనిపిస్తుంది. వీరన్నను తలుచుకునేవాళ్లు మాత్రం తక్కువ. రాళ్లెత్తిన ఆడామగల పేర్లయితే ఎక్కడా లేవు. కొండ మీద జనార్దనస్వామికి మొక్కుకుని కిందికి దిగేటప్పుడు, తొలిచిన ఆ రాతి గోడల కేసి ఒక్క నిమిషం చూడండి. డెల్టా అన్నం పుట్టింది అక్కడే.

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి 175 గేట్లతో బ్యారేజీ వచ్చింది. పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. సాయంత్రం పూట దాని మీద నిలబడితే ఎగువన అద్దంలా నిలిచిన నీరు, దిగువన ఇసుక తిన్నెలు. ఊళ్లోని కాటన్ మ్యూజియంలో ఆనాటి యంత్రాలు, ఆనకట్ట నమూనాలు ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించాల్సిన చోటు.

తూర్పు డెల్టా కాలువ ధవళేశ్వరం దగ్గరే మొదలై కడియం వైపు సాగుతుంది. ఆ నీటి వెంట నడిస్తే రాయి వెనకబడి, మెల్లగా పచ్చదనం ఎదురొస్తుంది. కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక. ఊరి పేర్లలోనే లంక ఉంది. గోదారి తెచ్చిపోసిన ఒండ్రు, ఏడాదిలో ఎక్కువ నెలలు అందే కాలువ నీరు. మొక్కకు ఇంతకంటే ఏం కావాలి?

పొద్దు పొడవకముందే కడియపులంక పూల మార్కెట్టులో బంతి, చామంతి, కనకాంబరం, లిల్లీ రాశులు పోసి ఉంటాయి. తెల్లారేసరికి బుట్టలు బస్సులెక్కేస్తాయి. నర్సరీల్లో పని అప్పుడు మొదలవుతుంది. ఓ చెట్టు నీడన కూర్చున్న పనివాడు టెంకతో మొలిచిన మామిడి మొక్క తల కోసి, కాడను నిలువునా చీల్చుతాడు. మంచి రకం పుల్లను ఉలి మొనలా చెక్కి ఆ చీలికలో దించుతాడు. ప్లాస్టిక్ పట్టీతో బిగించి కడతాడు. కళ్లు మూసి తెరిచేలోగా అంటు తయారు. అతని వేళ్లకు ఆ కొలత ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కనే ఆడవాళ్లు వరసగా కూర్చుని నల్ల సంచుల్లో మట్టి నింపుతుంటారు, అరచేత్తో అదిమి, చిటికెనవేలితో గుంట చేసి మొక్క నిలబెడతారు.

ఆ సంచులు లారీలెక్కి దేశంలో ఎన్నో రాష్ట్రాలకు పోతాయి. ఏదో నగరంలో రోడ్డు మధ్య పూసే కాగితం పూల మొక్క, ఎవరింటి ముందో కాసే జామ ఇక్కడి చేతుల్లో పెరిగినవి కావచ్చు.

నగరం పెరిగి ఈ ఊళ్ల గడపల దాకా వచ్చేసింది. రేపో మాపో వీటిని అందరూ రాజమండ్రి అనేయొచ్చు. అనుకోనివ్వండి. కానీ కాలువ గట్లను, ఆ కొండను, ఆ మొక్కల మడులను ఊరి ఆస్తిగా కాపాడుకోవాల్సిన బాధ్యత మనదే. ఈసారి కడియంలో మొక్క కొన్నప్పుడు సంచి విప్పి వేరు చుట్టూ ఉన్న మట్టిని ఒక్కసారి పట్టి చూడండి. చల్లగా, మెత్తగా తగులుతుంది. ధవళేశ్వరంలో రాయి మోసినవాళ్లు నిలబెట్టిన తడి అది.