సున్నా రాని లెక్క

*2025 మార్చి 30, విశ్వావసు ఉగాది. పంచాంగంలోని ఆదాయ వ్యయాల పట్టిక పట్టుకుని సేత్తూరు వెళితే...*

"ఉగాది ఈసారి ఆదివారమే పడింది. ముఖచిత్ర కథనం ఆశ మీద ఉండాలి, వసంతం కనబడాలి. గురువారం పొద్దుపోయేలోగా పేజీలు ప్రెస్సుకెళ్లిపోవాలి" అన్నారు ఎడిటరు. ఊరు కూడా ఆయనే చెప్పేశారు: తమిళనాడులో రాజపాళయం పక్కనున్న సేత్తూరు. ఆశ మీద రాయమంటే నాకు మొదట్నుంచీ బెరుకే. కోయిల, మావిచిగురు, షడ్రుచులు. ఈ మూడూ లేకుండా ఏ పత్రికైనా ఉగాది సంచిక తెచ్చిందేమో, నేనైతే చూడలేదు. వాటి జోలికి పోకుండా ఏం రాయొచ్చో తోచక, సంచిలో కొత్త పంచాంగం ఒకటి పడేసుకుని బయల్దేరాను.

తిరుమంగళం నుంచి కొల్లం పోయే 744వ నంబరు జాతీయ రహదారి మీద రాజపాళయం దాటగానే సేత్తూరు. పడమర దిక్కంతా పశ్చిమ కనుమలే. వాటి దిగువన కొబ్బరి, మామిడి తోపులు. మార్చి నెలాఖరుకు చెట్ల మీద పూత చాలామటుకు రాలిపోయి, నిలిచినచోట పిందె కనబడుతోంది.

మెయిన్‌రోడ్డుకు కాస్త లోపలగా ఒక తెలుగు ఇల్లు. మాట తెలుగు, రాత తమిళం. ఈ ప్రాంతపు తెలుగు ఇళ్లలో చాలావాటిది ఇదే తీరు. ఎనభై ఏళ్ల అవ్వ నా పంచాంగం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ అక్షరాలు ఆమెకు రావు, కొడుక్కీ రావు, మనవడికీ రావు. "చదువు నాయనా, వింటాం" అని తిరిగి నా చేతికిచ్చింది. కోడలు పొయ్యి తగ్గించి వచ్చింది. మిల్లులో రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న మనవడు లేచి గుమ్మంలో కూర్చున్నాడు. పక్కింటి తమిళావిడ కూడా చేరింది. వాళ్ల సంవత్సరాది, వరుష పిరప్పు, ఉగాది తర్వాత పదిహేను రోజులకు, ఏప్రిల్ 14న. సంవత్సరం పేరు మాత్రం ఇద్దరికీ ఒకటే, విశ్వావసు.

తిథులూ కర్తరీ మూఢాలూ ఎవరూ అడగలేదు. అందరికీ కావలసింది ఆ ఒక్క పట్టికే.

మేషం: ఆదాయం 2, వ్యయం 14. వృషభం 11, 5. మిథునం 14, 2. కర్కాటకం 8, 2. సింహం 11, 11. కన్య 14, 2. తుల 11, 5. వృశ్చికం 2, 14. ధనుస్సు 5, 5. మకరం, కుంభం రెండూ 8, 14. మీనం 5, 5.

కొడుకుది మేషం. రెండు రాబడి, పద్నాలుగు ఖర్చు అనగానే ఇంటిల్లిపాదీ ఘొల్లుమన్నారు. ఏడాది పొడుగునా అతగాడి జేబు సంగతి వాళ్లకు ముందే తెలిసినట్టుంది. కోడలిది మిథునం. అవ్వ వేళ్ల మీద కూడి తేల్చింది: "ఇద్దరిదీ కలిపితే పదహారుకి పదహారు. అప్పు లేదు, మిగులూ లేదు." తమిళావిడ తన రాశి చదివించుకుంది, తర్వాత మొగుడిది, తర్వాత బెంగళూరులో ఉన్న కూతురిది. జాతకం చెప్పించుకునేవాడు గదిలో ఒక్కడే జ్యోతిష్కుడి ఎదుట కూర్చుంటాడు, మొహం ముడుచుకుని. పంచాంగ శ్రవణం అలా కాదు, నలుగురిలో జరగాలి. వినేవాళ్లలో ఒకడికి పద్నాలుగు ఖర్చు పడితే పక్కవాడికి రెండే పడుతుంది, నవ్వుతాలుగా గడిచిపోతుంది. నేను చదివింది పండగకు ముందే. అయినా వాళ్లు పండగ రోజు విన్నట్టే విన్నారు.

ఆ రాత్రి లాడ్జిలో ఈ అంకెలు నన్ను పడుకోనివ్వలేదు. ఎక్కడ చూసినా అవే అయిదు: 2, 5, 8, 11, 14. మూడు లేదు, ఏడు లేదు, పది లేదు. పైగా జంటలు కనబడుతున్నాయి. మేషానికి ఎంతో వృశ్చికానికీ అంతే. వృషభం, తుల ఒక జట్టు. మిథునం, కన్య ఒక జట్టు. ధనుస్సు, మీనం. మకరం, కుంభం. అంటే పట్టిక రాశిని చూడ్డం లేదు, రాశ్యధిపతిని చూస్తోంది. మేష వృశ్చికాలు రెండింటికీ కుజుడే కదా.

ఆదాయం కట్టే పద్ధతి ఇది. అష్టోత్తరీ దశలో ఒక్కో గ్రహానికి ఇన్నేళ్లని ఉంటుంది. రాశ్యధిపతి ఏళ్లకు, ఆ సంవత్సరపు రాజు ఏళ్లు కలపాలి. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారం పడితే ఆ వారాధిపతే రాజు. ఈసారి ఆదివారం, కాబట్టి రవి. వచ్చినదాన్ని 3తో హెచ్చించి, 5 కలిపి, 15తో భాగించాలి. మిగిలిన శేషమే ఆదాయం. మేషానికి చూడండి: కుజుడికి 8, రవికి 6, మొత్తం 14. మూడింతలు చేస్తే 42. అయిదు కలిపితే 47. పదిహేనుతో భాగిస్తే శేషం 2. పాపం ఆ కొడుకు! మిథునానికి బుధుడు 17, రవి 6, మొత్తం 23. మూడింతలు 69, అయిదు కలిపితే 74, శేషం 14.

ఇక్కడో తమాషా ఉంది. 3తో హెచ్చించిన సంఖ్యను నేరుగా 15తో భాగిస్తే శేషం 0, 3, 6, 9, 12 వీటిలో ఏదో ఒకటి వస్తుంది. అంటే ఏటా ఏదో ఒక రాశివాడి పేరెదుట ఆదాయం సున్నా అని అచ్చుపడే ప్రమాదం ఉండేది. మధ్యలో ఆ అయిదు కలపడంతో సున్నాకు చోటు పోయింది. ఎంత తిప్పలు పడినా రెండుకు తగ్గదు. ఈ సూత్రం కట్టిన మహానుభావుడు ఆ అయిదును ఎందుకు కలిపాడోగానీ, ఏ గ్రహం ఏ కొంపలో ఉన్నా, ఉగాది నాడు ఎవరి చెవినా సున్నా పడకుండా చేశాడు.

గ్రహాలు మన జమాఖర్చులు రాస్తాయని నేను నమ్మను. నమ్మనందుకు నా దగ్గర 2020 ఉంది. ఆ ఏడు శార్వరి ఉగాది మార్చి 25న, బుధవారం. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన మొట్టమొదటి రోజు. రాజు బుధుడు. ఇదే సూత్రంతో కడితే వృషభానికి, సింహానికి, తులకు పద్నాలుగేసి ఆదాయం. పన్నెండు రాశుల ఆదాయాలూ కూడితే 105. ఈ ఏటి విశ్వావసు మొత్తం 99. అంటే మిల్లులు మూతపడి, బస్సులు ఆగిపోయి, జనం నడిరోడ్డున కాలినడకన ఊళ్లు చేరిన ఏడాదికి ఈ ఏటికన్నా ఆరు ఎక్కువ! సింహరాశి మనవడితో మర్నాడు ఈ మాట అంటే నవ్వాడు. "అప్పుడు మిల్లు మూసేశారు సార్. ఇంట్లో కూర్చుని కేరమ్స్ ఆడాను." అయినా ఈసారి తనకెంతో మళ్లీ అడిగాడు. పదకొండుకు పదకొండు.

కొండ దిగువ తోపులో గుత్తదారు ఒకాయన దొరికాడు. ఈయన కట్టే లెక్క వేరు. మామిడి పూతకొచ్చే వేళకే తోపును ఆ కాపుకు గుత్తకు పట్టేస్తాడు. యజమానికి కొంత ముందే ముడుతుంది. మందు కొట్టించడం, కాపలా, కోత కూలి ఈయనవి. కాయ నిలిస్తే లాభమూ ఈయనదే, రాలితే నష్టమూ ఈయనదే. కంటి ముందు కాయే లేనప్పుడు పెట్టిన డబ్బు ఇది.

ఒక గుత్తిని వంచి చూపించాడు. ఒక్కో పూగుత్తిలో వేల పూలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం మగపూలే, వాటికి కాయ పట్టదు. పట్టేవాటిలోనూ బఠాణీ గింజంత ఉన్నప్పుడు కొన్ని, గోలీకాయంత అయ్యాక కొన్ని రాలతాయి. ఆ గుత్తిలో ఎండిన పుల్లల మధ్య మిగిలింది ఒకే ఒక్క పిందె. కింది ఆకు ముట్టుకుంటే వేళ్లకు జిగురంటింది. తేనెమంచు పురుగు రసం పీల్చి వదిలిన జిగురది. దాని మీద నల్లటి మసి కూడా పట్టింది. పొద్దున మంచు ఎక్కువైతే బూడిద తెగులు. ఈదురుగాలి వస్తే ఇంక చెప్పక్కర్లేదు. "ఎప్పుడు తెలుస్తుంది మీకు, డబ్బు తిరిగొస్తుందో రాదో?" అన్నాను. "పూత చూసి మురిసిపోయేవాడు ఈ పనికి రాడు సార్. రాలేది రాలనీ, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

ఆయనది వృశ్చికం. రెండు రాబడి, పద్నాలుగు ఖర్చు. చదవడానికి నాకే మొహమాటమేసింది.

"పోయినేడు ఎంత వేశారు?"

క్రోధి సంవత్సరంలో ఎనిమిది, పద్నాలుగు.

కాసేపు ఆలోచించాడు. "ఖర్చు మాత్రం కరెక్టుగా చెప్పారు" అని, మందు డ్రమ్ము దగ్గరకు నడిచాడు.

చరిత్ర కూడా కొంచెం ఉండాలన్నారు ఎడిటరు. విజయనగర కాలపు వలసలతో రాజు కులపు తెలుగువాళ్లు ఈ పక్కకు చేరారు, రాజపాళయం వాళ్ల పేరనే వెలిసింది. పీఏసీ రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ పెట్టారు. అదే ఊరి పీఎస్ కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి, తర్వాత ఒడిశా గవర్నరు. సేత్తూరు జమీను తమిళ కవిరాయర్లకు పేరుమోసింది. ఇంతకుమించి కావాలంటే వేరే సంచిక కావాలి.

రెండు కొత్త సంవత్సరాలు

తమిళనాడు ప్రభుత్వ సెలవుల జాబితాలో తెలుగు సంవత్సరాది ఉంది. తమిళ సంవత్సరాదికే పాట్లు ఎక్కువ. అది చిత్తిరై నెల ఒకటో తేదీ కాదు, తై నెల ఒకటో తేదీ అంటూ 2008లో చట్టం చేశారు. 2011లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. వేపపువ్వు, మామిడికాయ, బెల్లం ఇద్దరి పచ్చడిలోనూ పడతాయి. సేత్తూరు తెలుగు ఇళ్లవాళ్లు రెండుసార్లూ తింటారు.

పక్క ఊరి పిల్ల

సేత్తూరుకు పాతిక కిలోమీటర్ల లోపే శ్రీవిల్లిపుత్తూరు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో ప్రధాన కథ ఆ ఊరిదే, గోదాదేవిదే. తెలుగు కావ్యాల్లో ఋతువుల వర్ణనకు దాన్ని మించింది లేదని నా పక్షపాతం. ఇప్పుడక్కడ బస్సు దిగినవాడు మొదట కొనేది పాల్‌కోవా. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మీరే కట్టుకోండి

అష్టోత్తరీ ఏళ్లు: రవి 6, చంద్రుడు 15, కుజుడు 8, బుధుడు 17, శని 10, గురువు 19, రాహువు 12, శుక్రుడు 21. మొత్తం 108. రాహువుకు సొంత రాశి లేదు కాబట్టి ఈ లెక్కలోకి రాడు. విశ్వావసు తర్వాతి ఉగాది 2026 మార్చి 19, గురువారం. రాజు గురువు. పైన చెప్పినట్టే కట్టుకుంటూ పోండి. మేష, వృశ్చికాలకు ఆదాయం 11 వస్తే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టే.