మీకు తెలుసా? ఇసుక తుఫానుకు ఏ ముసుగు మేలు?

ఎడారి గాలిదుమారంలో రెండు రకాల రేణువులు ఉంటాయి. ముతక ఇసుక బరువు కాబట్టి చాలావరకు నేలకు దగ్గరగానే గెంతుతూ పోతుంది. అసలు ప్రమాదం 10 మైక్రాన్లలోపు సన్నని ధూళితో. అది గంటల తరబడి గాలిలో తేలుతుంది, శ్వాసనాళాల్లోకి దిగుతుంది.

సహారాలోని టువారెగ్ పురుషులు తలకూ ముఖానికీ చుట్టుకునే నీలిరంగు టగెల్ముస్ట్, గల్ఫ్ అరబ్బుల గుత్రా ఎండనూ ఇసుక దెబ్బనూ బాగా ఆపుతాయి. సన్నని ధూళి మాత్రం నేత సందుల్లోంచి దూరిపోతుంది. మడతలు పెంచితే కొంత మేలు, అంతే. సర్జికల్ మాస్కు అంచుల్లో ఖాళీలుంటాయి. ఎన్‌95 వడపోత పొర 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని పట్టేస్తుంది. ఐరోపా ఎఫ్‌ఎఫ్‌పీ2కి ఆ ప్రమాణం 94 శాతం. అయితే ఇలాంటి మాస్కు ముఖానికి అతుక్కుని కూర్చోవాలి. గడ్డం ఉంటే గాలి పక్కల నుంచి చొరబడుతుంది, ఎంత ఖరీదైన మాస్కయినా సరే! తడిసినా, దుమ్ము పట్టి ఊపిరి బరువైనా మార్చేయాలి.

కళ్లకు మామూలు చలువ అద్దాలు చాలవు, చుట్టూ మూసుకునే గాగుల్స్ కావాలి.

కువైట్, సౌదీల్లో షమాల్ అనే దుమ్ము గాలులప్పుడు ఆరుబయట పనిచేసే తెలుగువారు రెండూ వాడుకోవచ్చు: ముందు మాస్కు, దానిపైన గుడ్డ. గుడ్డమీద మాస్కు పెడితే అంచులు అతకవు.